పాత కారు, కూర్చోని పార్టు: ఆకురాయి పట్టే ముందు తెలుసుకోవాల్సినవి

ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు పదేళ్లకు పైగా ముందే ఆగింది. వాటిని ఇంకా ఇష్టంగా నడుపుకుంటున్నవాళ్లకు ఇప్పుడు దొరికేది మూడు రకాల సామాను: ఎక్కడో అటక మీద మిగిలిపోయిన కంపెనీ మాల్, తుక్కు బళ్ల నుంచి విప్పింది, నమూనా చూసి చిన్న వర్క్‌షాపులు చేసే లోకల్ మాల్. విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా, చెన్నై పుదుపేటలో కొన్నా పేచీ ఎక్కువగా మూడో రకంతోనే. పాత కార్ల సామానుకు ప్రత్యేకంగా చట్టమేమీ లేదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, ఈ రెండూ చాలావరకు సరిపోతాయి.

ప్రశ్న: పార్టు సరిపోకపోతే అది చట్టం దృష్టిలో ‘లోపం’ అవుతుందా?

కొనేటప్పుడు ఎవరు ఏం చెప్పారన్నదాన్ని బట్టి ఉంటుంది. అమ్మినవాడు చెప్పుకున్న ప్రమాణానికి సరుకు తగ్గినా లోపమే అంటుంది 2019 చట్టం. డబ్బా మీద ‘అంబాసిడర్ మార్క్ 4’ అని ఉండి, మార్క్ 4కు ఎక్కకపోతే వాదన అక్కడే తేలిపోతుంది. ఇక 1930 చట్టం 16వ సెక్షన్ ప్రకారం, మీ అవసరం ఇదీ అని చెప్పి, దుకాణదారుడి అనుభవం మీద నమ్మకంతో కొన్నారంటే ఆ అవసరానికి పనికొచ్చే సరుకివ్వడం అతని బాధ్యత. అదే మీరు ఫలానా బ్రాండుదే కావాలని పేరు పెట్టి అడిగి తెచ్చుకుంటే ఈ రక్షణ చాలావరకు పోతుంది.

అంబాసిడర్ విషయంలో ఇది చిన్న సంగతి కాదు. 1489 సీసీ పాత ఇంజన్ వేరు, తర్వాత వచ్చిన 1800 సీసీ ఇసుజు ఇంజన్ వేరు. ‘అంబాసిడర్ వాటర్ పంప్ ఇవ్వండి’ అని మాత్రమే అడిగితే తప్పు మీ వైపుకే జరుగుతుంది. మోడల్, సంవత్సరం, ఇంజన్ సీసీ, పెట్రోలా డీజిలా అన్నీ బిల్లు మీద రాయించండి. దుకాణదారు విసుక్కుంటే అవే వివరాలు వాట్సాప్‌లో పంపి, ‘సరిపోతుంది’ అన్న జవాబు తెప్పించుకోండి.

ప్రశ్న: మెకానిక్ ‘కొంచెం రాకి ఎక్కిస్తా’ అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు గుర్తుంచుకుంటే మిగతావి మర్చిపోయినా ఫరవాలేదు.

షెడ్డులో జరిగేది ఇదీ. కొత్త వాటర్ పంప్ బ్లాకుకు ఆనించి పెడతారు. రెండు బోల్టులు చేత్తోనే తిరుగుతాయి. ఇంకోటి రంధ్రంలోకి వంకరగా వెళ్తుంది. బోల్టు చేత్తో మూడు నాలుగు చుట్లు తిరగకుండా స్పానర్ అడుగుతోందంటే మర తప్పుతోందన్నమాట. బలవంతంగా బిగిస్తే పోయేది కొత్త పంపు కాదు, దశాబ్దాల నాటి మీ బ్లాకులోని మరలు. అందుకని మేస్త్రీ ఆకురాయి తీసి రంధ్రాన్ని కాస్త కోలగా రాకుతాడు, పంపు కూర్చుంటుంది. అతని తప్పేం లేదు, పాత బళ్లు బతుకుతున్నది ఆ చేతుల వల్లే. కానీ ఆ నిమిషంలోనే మీ హక్కు రూపం మారిపోతుంది.

1930 చట్టం 42వ సెక్షన్ చెప్పేదేమిటంటే, ఇంకా అమ్మినవాడిదే అనుకోవాల్సిన వస్తువు మీద సొంతదారు చేసే పని మీరు చేస్తే దాన్ని ‘స్వీకరించినట్టే’. స్వీకరించాక తిరస్కరించే హక్కు పోయి, నష్టపరిహారం అడిగే హక్కే మిగులుతుంది. పైగా ఆ పార్టు వల్ల తర్వాత ప్రమాదం జరిగితే, దాన్ని మార్చారన్న కారణంతో అమ్మకందారు తప్పించుకునే దారి 2019 చట్టం 87వ సెక్షన్‌లో ఉంది. కారుకు ఆనించి చూడటం మాత్రం పరీక్షే. ఆ అవకాశం 1930 చట్టం 41వ సెక్షన్ మీకిస్తోంది.

కాబట్టి ముందు పాత పార్టునూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, స్కేలు ఆనించి ఫొటో తీయండి. డబ్బా, లేబుల్ పారేయొద్దు. దుకాణానికి అదే రోజు మెసేజ్ పెట్టండి. ఆ తర్వాతే ఆకురాయి.

ప్రశ్న: డోర్ రబ్బరు మార్చాక తలుపు పడటం లేదు. రబ్బరుదేనా తప్పు?

తొందరపడకండి. రబ్బరు మందంగా ఉంటే తలుపు లాక్ మొదటి క్లిక్ దగ్గరే ఆగుతుంది, బలంగా కొడితే గానీ రెండోది పడదు. కానీ నలభై ఏళ్ల తలుపు హింజ్ దగ్గర కుంగి ఉన్నా అచ్చం ఇలాగే ఉంటుంది. రబ్బరు తీసేసి తలుపు వేసి చూడండి. చుట్టూ సందు సమానంగా ఉంటే తప్పు రబ్బరుది, లేకపోతే కుంగిన తలుపుది. ఈ తేడా తేల్చకుండా దుకాణం మీద ఫిర్యాదు పెడితే నిలబడదు.

ప్రశ్న: బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఉంది.

ఉండనివ్వండి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడం, డబ్బు తిరిగివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లే ఇవ్వకపోవడం కూడా అంతే.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొంటే?

కాస్త నయం. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. 2020 ఈ-కామర్స్ నియమాలు చెప్పేవివి. ‘యూనివర్సల్ ఫిట్’ అని రాసిన వాటికి మాత్రం దూరంగా ఉండండి. పాత ఇంజన్ అంబాసిడర్ బోల్టులు అంగుళాల లెక్క, పద్మినివి మిల్లీమీటర్ల లెక్క. రెండిటికీ సరిపోయేది ఏదో నాకైతే తెలీదు. అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ కారు సామాను ఇంగ్లండ్ నుంచి తెప్పించుకుంటే కాగితం మీద హక్కులున్నా, వెనక్కి పంపే ఖర్చే పార్టు ధరను మించిపోవచ్చు.

ప్రశ్న: నా అంబాసిడర్‌ను పెళ్లిళ్లకు అద్దెకిస్తాను. నేనూ వినియోగదారుణ్నేనా?

వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారు. సొంతంగా నడుపుకుంటూ అదే జీవనాధారంగా ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. బళ్లు నాలుగైదు పెట్టి డ్రైవర్లతో తిప్పిస్తుంటే సివిల్ కోర్టే దిక్కు.

ప్రశ్న: ఫిర్యాదు ఎక్కడ, ఖర్చెంత?

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, చాలా పేచీలు అక్కడే సర్దుకుంటాయి. కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. పార్టు ఎక్కడ కొన్నా మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. రెండేళ్లలోపు వేయాలి. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము లేదు, లాయరు తప్పనిసరి కాదు. లోపం కంటికి తెలియనిదైతే కమిషన్ ల్యాబ్‌కు పంపుతుంది, ఆ ఖర్చు ముందుగా మీరే కట్టాలి. మూడొందల రూపాయల బుష్ కోసం ఇంత తిరగడం దండగ. బ్రేక్ సామాను విషయంలో మాత్రం వదలొద్దు. లేబుల్ లేని డబ్బాలో వచ్చి, తయారీదారు ఎవరో తెలియకపోతే గాయాలకు, ప్రాణనష్టానికి అమ్మినవాడే జవాబుదారీ.

ప్రశ్న: సరైన పార్టు దొరకలేదని వేరే ఇంజన్ పెట్టేస్తే?

ఆర్సీలోని వివరాలు మారేలా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద నిషిద్ధం. ఆర్టీఏ అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. యాభై ఏళ్లు నిండిన కారుకు 2021 నియమాల కింద వింటేజ్ బళ్లకిచ్చే ‘వీఏ’ నంబరు తీసుకోవాలనుకుంటే చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే ఆ నంబరుతో రోజూ ఆఫీసుకు వెళ్లడం కుదరదు.