పైకప్పు ఒక్కటే చాలునా?



2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో ఇల్లు లేనివారు దాదాపు 17 లక్షల 70 వేలమంది. పట్టణాల్లో లక్ష జనాభాకు ఒక ఆశ్రయం ఏడాది పొడవునా నడపాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2013లో వచ్చిన కేంద్ర పథకం ఒక్కొక్కరికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలన్నది.

చెన్నై నగరపాలక సంస్థ స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో స్త్రీలకు, వృద్ధులకు, మనోవ్యాధి గలవారికి, ఆసుపత్రిలో రోగుల వెంట వచ్చినవారికి వేర్వేరు ఆశ్రయాలు ఏర్పరచింది. ఇది మెచ్చదగినదే.

అయితే ఆశ్రయం రాత్రి గడుపుతుంది గాని బ్రతుకును నిలబెట్టలేదు. వేళకు మందు ఇచ్చేవారు, రేషన్ కార్డుకూ పింఛనుకూ వెంట తిరిగేవారు లేకపోతే మనోవ్యాధి గల మనిషి మళ్లీ వీధికే చేరవచ్చు. అందుకే తోడుతో కూడిన ఇల్లు కావాలి. చెన్నైలోని 'ది బన్యన్' సంస్థ 2015లో ఇట్టి ఇళ్లు ప్రారంభించింది: మామూలు వీధిలో అద్దె ఇల్లు, అందులో నలుగురైదుగురు, వారికి తోడుగా సహాయకులు. వంట, సంత, ఇరుగుపొరుగు అన్నీ అందరికీ ఉన్నట్టే.

ఆలోచించవలసిన ప్రశ్నలు:
1. మీ ఊరి మున్సిపాలిటీ ఆశ్రయం ఎక్కడున్నది? ఎప్పుడైనా వెళ్లి చూచితిరా?
2. ఇట్టివారు అద్దెకు వస్తే మన ఇల్లు ఇస్తామా? పక్కింట దిగితే ముందుగా పలకరిస్తామా?