ఎమ్మెల్యే చేతికి ప్రశ్న ఇవ్వు

చి. సునీతకు,

వాగు మీద వంతెన కోసం ట్రాక్టర్లలో జనాన్ని ఎక్కించుకుని ఎమ్మెల్యే గారి క్యాంపు ఆఫీసుకు వెళ్తామని రాశావు. వెళ్ళండి, జనం కనబడాలి. కానీ దండ వేసి, ఫోటో దిగి, అర్జీ ఇచ్చి వచ్చేస్తే దాని మీద ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి కిందికి పంపుతారు. అక్కడితో సరి.

వంతెన మంజూరు చేసేది ఆయన కాదు, ప్రభుత్వం. సభలో మంత్రిని నిలదీసే హక్కు మాత్రం ఆయనకుంది. నేను పనిచేసిన ఇంజనీరింగు ఆఫీసులో అర్జీలు బీరువాల్లో నిద్రపోయేవి. ఎల్‌.ఏ.క్యూ. అంటే అసెంబ్లీ ప్రశ్న వచ్చిందంటే మాత్రం ఎవరికీ భోజనం సహించేది కాదు.

కిటుకంతా ప్రశ్న రాయడంలోనే ఉంది. ‘వంతెన కట్టే ప్రతిపాదన ఉన్నదా? ఉంటే ఎప్పుడు కడతారు?’ అని అడిగితే ‘అ) లేదండి. ఆ) ఉత్పన్నం కాదు’ అని తేల్చేస్తారు. అలాంటి జవాబులు నేను బోలెడు టైపు చేశాను. అందుకే ఈ వారమే సమాచార హక్కు చట్టం కింద డివిజన్ ఆఫీసులో దరఖాస్తు పెట్టు. 10 రూపాయల రుసుము, 30 రోజుల గడువు. అంచనా ఎప్పుడు వేశారు, ఎంతకు వేశారు, ఫైలు ఇప్పుడు ఎక్కడుంది అన్నవి రాబట్టు. ఆ అంచనా నంబరూ, తేదీ పెట్టి, ‘ఈ అంచనా ఇంతవరకు మంజూరు కాకపోవడానికి కారణాలేమిటి?’ అని అడిగించు. అప్పుడు ‘ఉత్పన్నం కాదు’ అని తప్పించుకోవడం కష్టం.

నక్షత్రం గుర్తు ప్రశ్నగా ఇమ్మని చెప్పు. అది సభలో చర్చకొస్తే మంత్రి లేచి జవాబివ్వాలి, సభ్యులు అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు. ‘చేస్తాం’ అని మంత్రి నోట వచ్చిందా, ఇక హామీల కమిటీ దాని వెంటపడుతుంది.

బడ్జెట్ సమావేశాలు సాధారణంగా ఫిబ్రవరి, మార్చిల్లో ఉంటాయి. ప్రశ్న చాలా ముందే చేరాలి కాబట్టి సంక్రాంతికి ఊళ్ళోకి వచ్చినప్పుడే ఎమ్మెల్యే గారిని పట్టుకో. ఒక్క పేజీ చాలు. పీఏతో మర్యాదగా ఉండు, చివరికి ఆ కాగితం నడిచేది అతని చేతుల మీదుగానే.

ఎమ్మెల్యే గారు అధికార పక్షం మనిషి కదా, అడగడానికి మొహమాటపడితే పట్టభద్రుల ఎమ్మెల్సీ దగ్గరికి వెళ్ళు, మండలిలో ప్రశ్న వేయించొచ్చు. నువ్వు డిగ్రీ పూర్తిచేసి మూడేళ్ళు దాటింది కదా, ఆ ఓటు నమోదు చేయించుకున్నావా? ఆ జాబితా ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారుచేస్తారు, పాత నమోదు పనికిరాదు.

దరఖాస్తు రాసి ముందు నాకు వాట్సాప్‌లో పంపు, చూసి దిద్దుతాను.

పెదనాన్న