నిన్న పెట్టిన వ్యాసం ఇవాళే పైకి రావాలంటే

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్లకు రాసిపెట్టే పని ఇప్పుడు చాలామంది కుర్రాళ్లకు, ఆడపిల్లలకు బతుకుదెరువు. ఒకరు రొయ్యల మేత అమ్మే కంపెనీకి రాస్తారు, ఒకరు ఆసుపత్రికి, మరొకరు స్థానిక వార్తల సైటుకు. యజమాని అడిగేది మాత్రం అందరినీ ఒకటే: "నిన్న పెట్టావు కదా, గూగుల్‌లో కనబడదేం?" ఈ ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పడం నేర్చుకోండి. మీ జీతం, మీ మాట విలువ రెండూ దాని మీదే ఆధారపడతాయి.

వ్యాసం పెట్టాక జరగాల్సినవి మూడు వేర్వేరు పనులు. గూగుల్ యంత్రం వచ్చి పేజీ చదవాలి. చదివినదాన్ని తన ఇండెక్స్‌లో, అంటే వెతికి చూపే పేజీల జాబితాలో, చేర్చుకోవాలి. ఎవరైనా వెతికినప్పుడు దాన్ని ఎన్నో స్థానంలో చూపాలో తేల్చాలి. పెద్ద పత్రికల సైట్ల దగ్గరికి ఆ యంత్రం రోజంతా వస్తూనే ఉంటుంది కాబట్టి అక్కడ మొదటి పని నిమిషాల్లో అయిపోతుంది. వారానికో వ్యాసం పెట్టే చిన్న సైటుకైతే కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టవచ్చని గూగులే చెబుతోంది. రెండో పని జరిగి తీరుతుందన్న హామీ లేదు. ఇక మూడోది ఎప్పటికీ పూర్తయ్యేది కాదు. మొదటి వారం పైకి వచ్చిన వ్యాసం తర్వాత జారిపోయి, రెండు నెలలకు మళ్లీ ఎక్కడం మామూలే. చెరువులో చేపపిల్ల వదిలిన మర్నాడే వల వేయం కదా.

అందుకే ముందు మీ వ్యాసం ఏ మెట్టు దగ్గర ఆగిందో చూడండి. సొంత ఫోన్‌లో వెతికితే తేలదు. మీరున్న ఊరిని బట్టి ఫలితాలు మారతాయి. ఏలూరులో మీకు కనిపించింది హైదరాబాద్‌లో కనిపించకపోవచ్చు. గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్ తెరిచి పైనున్న పెట్టెలో లింకు వేయండి. పేజీ ఉందని తెలుసుగానీ ఇంకా చదవలేదని చూపిస్తే, యంత్రం మీ గడప తొక్కలేదన్నమాట. హోమ్ పేజీ నుంచి ఆ వ్యాసానికి లింకు ఇచ్చారా, సైటు పేజీల జాబితా అయిన సైట్‌మ్యాప్‌లో అది ఉందా చూసుకోండి. ఇండెక్స్ చేయమని కోరే బటన్ ఒకసారి నొక్కితే చాలు, పదిసార్లు నొక్కినా వరుసలో ముందుకు జరగరు. చదివింది గానీ చేర్చుకోలేదని చూపిస్తే లోపం చాలాసార్లు రాతలోనే ఉంటుంది.

ఆ లోపం ఎక్కువగా ప్రెస్ నోట్ల దగ్గర వస్తుంది. అధికారులు పంపిన నోట్‌ను పది సైట్లు అక్షరం మార్చకుండా పెడతాయి. ఒకేలా ఉన్న పేజీల్లో గూగుల్ ఒకదాన్ని ఎంచుకుని మిగతావాటిని పక్కన పెడుతుంది. ఆ ఒక్కటి మీది కావాలంటే నోట్‌లో లేనిది మీ వ్యాసంలో ఉండాలి. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ గురించి రాస్తుంటే పొద్దున్నే అక్కడికి వెళ్లండి. కర్నూలు సరుకు ఎంతకు పోయింది, మహారాష్ట్ర సరుకు ఎంత పలికింది, ఎన్ని లారీలు దిగాయి, తడిసిన సరుకును ఎవరు కొన్నారు? ఇవి రాస్తే ఆ పేజీకి మరో నకలు ఉండదు.

కొన్ని వెతుకులాటలకు గూగుల్ కొత్తదనానికే పెద్దపీట వేస్తుంది. 2011 నవంబరులో తెచ్చిన మార్పు దాదాపు 35 శాతం వెతుకులాటల మీద ప్రభావం చూపుతుందని అప్పట్లో ప్రకటించింది కూడా. 2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో వందల మంది మూర్ఛతో పడిపోయినప్పుడు దేశమంతా ఈ ఊరి పేరు వెతికింది. అలాంటి వేళ నిన్నటి కథనం పాతబడిపోతుంది. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో తేలిందన్న వార్త వచ్చాక, కారణం తెలియని వింత జబ్బు అని అంతకుముందు రాసిన వ్యాసం వల్ల చదివేవాడికి ఉపయోగమేముంది? వార్తల సైటులో పనిచేసేవాళ్లు న్యూస్ సైట్‌మ్యాప్ విడిగా పెట్టుకోవాలి. అందులో గడిచిన 2 రోజుల వ్యాసాలే ఉండాలన్నది గూగుల్ నియమం.

కానీ చిన్న సైటులో పనిచేసేవాళ్లు ఈ పరుగులో పెద్ద పత్రికలతో పోటీ పడి ఒళ్లు హూనం చేసుకోవద్దని నా గట్టి సలహా. మనకు కలిసొచ్చేది రుతువును బట్టి వచ్చే విషయాల్లోనే. కైకలూరు దగ్గర ఆటపాకకు గూడబాతుల్ని చూడటానికి జనం వచ్చేది ప్రధానంగా అక్టోబరు నుంచి మార్చి దాకా. ఆ వ్యాసాన్ని డిసెంబరులో పెడితే, అది గూగుల్‌లో నిలదొక్కుకునే సరికి పక్షులు వెళ్లిపోయే కాలం వస్తుంది. ఆగస్టులోనే పెట్టండి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర ఫాల్గుణంలో అయితే సంక్రాంతికి ముందే వ్యాసం సిద్ధంగా ఉండాలి. ఏటా కొత్త లింకు తెరవకండి. పాత పేజీలోనే ఈ ఏటి తేదీలు, దారి, పడవల వేళలు మార్చండి. ఆ లింకుకు ఏళ్లుగా వచ్చిన గుర్తింపు పోకుండా ఉంటుంది. లోపల ఏమీ మార్చకుండా పైన తేదీ ఒక్కటే మార్చడం మాత్రం చదివేవాణ్ని మోసం చేయడమే. అలా చేయవద్దని గూగుల్ కూడా చెబుతుంది.

ఒప్పందం రాసుకునేటప్పుడు "15 రోజుల్లో మొదటి స్థానం" అన్న షరతుకు ఒప్పుకోకండి. మొదటి స్థానం ఇప్పిస్తానని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ బహిరంగంగానే చెప్పింది. కొన్ని మార్పుల ఫలితం గంటల్లో కనిపిస్తే, కొన్నిటికి నెలలు పడుతుందని కూడా చెప్పింది. నెలకు ఎన్ని వ్యాసాలు, ఎప్పటికి ఇస్తారు, ఎన్ని ఇండెక్స్ అయ్యాయో ఎప్పుడు చూపిస్తారు అన్నవి కాగితం మీద పెట్టించుకోండి. స్థానాల లెక్క 4 నెలల తర్వాతే చూద్దామని ముందే చెప్పండి. యజమాని జీతాన్ని స్థానానికి ముడిపెడతానంటే, ఆ షరతు తీసేయమని మర్యాదగా, గట్టిగా అడగండి.