పెంటగుమ్మము బాగుచేసిన అధిపతి

పాఠ్యభాగములు: నెహెమ్యా 3:13-14, ద్వితీయోపదేశకాండము 23:12-14, లేవీయకాండము 6:10-11, 19:13, యోహాను 6:12.

పాఠోద్దేశము: మన యింటి చెత్తను మోసికొనిపోవు మనుష్యునితో మనము ఎట్లు న్యాయముగా నడచుకొనవలెనో తెలిసికొనుట.

ఉపోద్ఘాతము

నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయము వచ్చినప్పుడు మనలో అనేకులు త్వరత్వరగా పుట త్రిప్పివేయుదురు. పేరులు, గుమ్మములు, తాళములు, గడియలు తప్ప అందులో మరేమియు లేదని మన తలంపు. ఐనను ఆ పట్టికలో ఒక్క పేరునొద్ద ఈ మాసము ఆగుదము. యెరూషలేము ప్రాకారమునకు గుమ్మములు అనేకములుండెను. గొఱ్ఱెల గుమ్మమును ప్రధానయాజకుడును అతని సహోదరులును కట్టిరి. పట్టణపు మురికియంతయు బయటికి పోవు గుమ్మమొకటి కలదు. దానికి పెంటగుమ్మమని పేరు. దానిని బాగుచేసినది ఎవరు? రేకాబు కుమారుడైన మల్కీయా. అతడు కూలివాడు కాడు, ఒక ప్రదేశమునకు అధిపతి. ఆ అధిపతియే దానికి తలుపులు నిలిపి, తాళములును గడియలును అమర్చెను.

గొఱ్ఱెల గుమ్మము ఎంత అవసరమో పెంటగుమ్మము అంత అవసరమని నెహెమ్యా ఎరిగియుండెను. బయటికి పోవలసినది పోనియెడల పట్టణము లోపలనే కుళ్లిపోవును. పట్టణమునకు నిజమైనది మన పల్లెకును, మన యింటికిని నిజమే.

1. చెత్తను గూర్చి లేఖనముల బోధ

ఇశ్రాయేలీయులు అరణ్యములో గుడారములలో నున్నప్పుడు, ప్రతివాడు పాళెము వెలుపలికి పోయి, గుంట త్రవ్వి, మలమును కప్పివేయవలెనని ఆజ్ఞ కలిగెను. అందుకు కావలసిన పనిముట్టును గూడ వెంట ఉంచుకొనుమని చెప్పబడెను. కారణమేమనగా, దేవుడు ఆ పాళెములో సంచరించుచుండెను.

లేవీయకాండములో మరియొక సంగతి కలదు. బలిపీఠము మీది బూడిదెను ఎత్తువాడు యాజకుడే. అతడు బట్టలు మార్చుకొని, ఆ బూడిదెను పాళెము వెలుపల పవిత్రస్థలమునకు మోసికొనిపోవలెను. చూచితిరా! కనబడిన చోట కుమ్మరించుటకు వీలు లేదు. ఎచ్చటికి పోవలెనో ముందుగానే నిర్ణయింపబడియుండెను. మోయువాడు నీచుడని ఎవడును తలంచలేదు, ఏలయనగా మోయువాడు యాజకుడు.

ఇక యోహాను సువార్తలో అయిదువేలమంది తృప్తిగా తినిన తరువాత, ఏమియు నష్టపడకుండ మిగిలిన ముక్కలు పోగుచేయుమని ప్రభువు శిష్యులకు చెప్పెను. పన్నెండు గంపలు నిండెను. సమృద్ధిగా ఇచ్చినవాడే పారవేయుటకు ఒప్పుకొనలేదు.

2. మన వాకిటికి వచ్చు ఇద్దరు మనుష్యులు

మన పితరుల యిండ్లలో చెత్త అనునది స్వల్పము. బియ్యము కడిగిన నీళ్లును, గంజియు కుడితి గోలెములో పడి గేదెకు పోయెడివి. కూరల తొక్కలు, పేడ, బూడిద పెంటకుప్పలో పడి వేసవిలో పొలమునకు ఎరువుగా పోయెడివి. విస్తరాకు మట్టిలో కలిసిపోయెడిది. ఇప్పుడు తిరువూరు అంగడినుండి తెచ్చుకొనిన సరుకులలో ప్రతి దానికిని ఒక కవరు కలదు. ఆ కవరును గేదె తినరాదు, భూమి అరిగించుకొనజాలదు. పెంటతో కలిసి పొలమునకు పోయినయెడల నాగలికి చుట్టుకొనును. మేతతో కలిసినయెడల పశువు పొట్టలో చేరి, బయటికి రాక, దానిని చంపును. కాల్చినయెడల విషపుపొగ మన పిల్లల రొమ్ములలోనికే పోవును.

ఇట్టి చెత్తకై మన వాకిటికి ఇద్దరు వచ్చుచున్నారు. మొదటివాడు పాత సామాను కొనువాడు. పాత ఇనుము, కాగితములు, సీసాలు, పగిలిన బిందెలు తూకము వేసి కొని, పైకమో ఉల్లిపాయలో ఇచ్చిపోవును. ఇతడు మనకు డబ్బు ఇచ్చును గనుక ఇతనిని సంతోషముతో పిలిచెదము. రెండవవాడు చెత్తబండివాడు. కొన్ని చోట్ల ఇతడు మున్సిపాలిటీ పనివాడు, కొన్ని చోట్ల పంచాయతి పనివాడు, కొన్ని చోట్ల వీధివారు నెలకింత అని మాటాడుకొని పెట్టుకొనిన ప్రైవేటు మనిషి. ఇతనికి మనము డబ్బు ఇయ్యవలసివచ్చును గనుక ఇతనిని చూచి ముఖము త్రిప్పుకొందుము.

ఈ తేడాకు కారణము తెలిసికొనవలెను. ఇనుమునకు వెల కలదు; కుళ్లిన కూరకు, చాక్లెటు కాగితమునకు వెల లేదు. వెల లేనిదానిని మోయుటకే ఎక్కువ శ్రమ, ఎక్కువ దుర్వాసన, ఎక్కువ అపాయము. వెల గలవన్నియు పాత సామాను వానికి అమ్ముకొని, మిగిలిన కుళ్లును మాత్రము బండివానికి ఇచ్చి, నెల సొమ్మును గూడ ఎగగొట్టినయెడల, అతడు దేనితో బ్రదుకును?

3. ఇతర స్థలములనుండి నేర్చుకొనదగినవి

ఇది క్రొత్త ఏర్పాటు కాదు. 1989లో మద్రాసులో ఎమ్.బి. నిర్మల్ అను బ్యాంకు ఉద్యోగి ఎక్స్‌నోరా అను సంస్థను స్థాపించెను. ఒక వీధిలోని కుటుంబములవారు కలిసి, తలా కొంచెము సొమ్ము వేసికొని, ఒక మనిషిని, మూడు చక్రముల బండిని ఏర్పాటు చేసికొనిరి. ఆ మనిషిని చెత్తవాడని పిలువక, వీధిని అందగించువాడను అర్థమిచ్చు పేరుతో గౌరవించిరి.

పూనా పట్టణములో చిత్తుకాగితములు ఏరుకొను స్త్రీలు 1993లో సంఘముగా కూడిరి. ఆ సంఘమునుండి పుట్టిన స్వచ్ఛ్ అను సహకార సంస్థ 2008లో నగరపాలక సంస్థతో ఒప్పందము చేసికొని, ఇంటింట చెత్త తీసికొని, ఇంటివారియొద్దనే నెల రుసుము పుచ్చుకొను పని చేపట్టెను. హైదరాబాదులో 2015లో తోలువారినే యజమానులుగా చేయు పద్ధతిమీద ఆటోబండ్లు ఇయ్యబడెను. ఇంటికి నెలకు 50 రూపాయలు నిర్ణయింపబడెను.

మన రాష్ట్రములో 2021 అక్టోబరు 2న విజయవాడలో 4,097 చెత్తవాహనములు బయలుదేరదీయబడెను. తడిచెత్తకు, పొడిచెత్తకు, ప్రమాదకరమైన చెత్తకు వేరువేరు రంగుల బుట్టలు ఇంటింటికి పంచబడెను. దానితోకూడ వచ్చిన రుసుమును ప్రజలు చెత్తపన్ను అని పిలిచి విసుగుకొనిరి. 2024 అక్టోబరు 2న ముఖ్యమంత్రి మచిలీపట్నములో దాని రద్దును ప్రకటించెను. బీదవాని మీద భారము తగ్గుట మంచిదే. అయితే పన్ను పోయినంతమాత్రమున చెత్త పోలేదు. దానిని ఎత్తు చేయియు మారలేదు.

అంతకు ముందు నెలలోనే, బుడమేరు పొంగి విజయవాడలో అనేక పేటలు మునిగినప్పుడు, నీరు తీసిన తరువాత మిగిలిన బురదను, పాడైన పరుపులను, కుళ్లిన ధాన్యమును ఎత్తుటకు ఇతర పట్టణములనుండి పారిశుద్ధ్య పనివారు రావలసివచ్చెను. వారు రానియెడల ఏమగునో ఆ దినములలో అందరికి తెలిసెను.

తిరువూరు 2011లో నగర పంచాయతి ఆయెను. చుట్టుపట్ల గ్రామములు పంచాయతుల క్రింద ఉన్నవి. అనేక పంచాయతులలో చెత్తనుండి సంపద చేయు కేంద్రములని షెడ్లు కట్టబడెను. తడిచెత్త అక్కడ వానపాముల ఎరువగునట్లు, పొడిచెత్త అమ్మకమునకు పోవునట్లు ఉద్దేశము. అయితే ఇంటియొద్ద కలిపివేసిన చెత్తను షెడ్డు విడదీయజాలదు. విడదీయవలసినది ఇంటిలోనే.

4. ఒక యింటి సంగతి

మన యిండ్లలో జరుగునట్టి సంగతి యొకటి ఉపమానముగా చెప్పుదము. ఒక గృహిణి చేతిలోనుండి గాజుగ్లాసు జారి పగిలెను. ఆదివారము ఉదయము, ఆరాధనకు వేళ మించిపోవుచున్నది. ఆమె ముక్కలన్నియు ఊడ్చి, రాత్రి మిగిలిన అన్నముతో కలిపి ఒక నల్ల కవరులో కట్టి గుమ్మమునొద్ద ఉంచెను. చెత్తబండి తీసికొనివచ్చు స్త్రీ ఆ కవరును నొక్కి పట్టుకొని ఎత్తెను. గాజు అరచేతిలో దిగెను.

నాలుగు దినములు బండి రాలేదు. గృహిణి వాకిట కుక్కలు కవరులు చింపినవి. అయిదవ దినమున ఆమె వీధిలో నిలువబడి, “నెల తిరిగేసరికి డబ్బుకు వస్తారు, పనికి మాత్రం రారు” అని గట్టిగా పలికెను. అప్పుడే బండి వచ్చెను. ఆ స్త్రీ ఎడమచేతితో బండి త్రోయుచుండెను. కుడిచేతికి గుడ్డకట్టు ఉండెను. “ఏమైందమ్మా చేతికి?” అని గృహిణి అడిగెను. “గాజుపెంకు కోసిందమ్మగారూ. కుట్లు పడ్డాయి. నాలుగు రోజులు కూలి పోయింది” అని ఆమె చెప్పెనే గాని, ఏ యింటి గాజో చెప్పలేదు. ఆమెకు తెలియదు.

గృహిణికి తెలిసెను. ఆమె ఇంటిలోనికి పోయి, నాలుగు దినముల కూలి లెక్కకట్టి, వైద్యమునకు వేరుగా కొంత చేర్చి తెచ్చి, “అది మా యింటి గాజేనమ్మా” అని అందరి యెదుట చెప్పెను. సహోదరులారా, డబ్బిచ్చుట ఆమెకు సులభమే. ఆ మాట చెప్పుటయే కష్టము. అయినను ఆ మాట చెప్పని యెడల ఆ డబ్బు ధర్మమనిపించుకొనును గాని న్యాయమనిపించుకొనదు.

5. మనము చేయవలసినవి

(అ) విడదీయుట. 2016లో వచ్చిన దేశపు నిబంధనలు చెత్తను తడిది, పొడిది, ఇంటి ప్రమాదకరమైనది అని మూడుగా విడదీయుమని చెప్పెను. పశువులు, దొడ్డి గలవారు తడిచెత్తను తమ పెంటకుప్పకే వేసికొనుడి. మామిడికాలములో తొక్కలును ఆకులును గుంటలో వేసి, మట్టి కప్పి, తడుపుచుండినయెడల కొన్ని నెలలలో ఎరువగును. అప్పుడు బండివానికి మోత తగ్గును.

(ఆ) పదునైనవాటిని వేరుచేయుట. గాజుముక్కలను దళసరి కాగితములో చుట్టి, దారముతో కట్టి, చేతికి ఇచ్చునప్పుడు నోటితో చెప్పుడి. చక్కెరవ్యాధికి సూదులు వాడువారు వాటిని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూతపెట్టవలెను. వాడిన సూది గ్రుచ్చుకొనినయెడల కామెర్లు కలిగించు వ్యాధులు అంటుకొనవచ్చును.

(ఇ) నీరు నిలువకుండ చూచుట. కొబ్బరిచిప్పలు, పాత టైర్లు, మూతలేని డబ్బాలలో నిలిచిన నీటిలో డెంగీ దోమ పెరుగును. వారము పదిదినములలోనే గ్రుడ్డు దోమయగును. కావున ఇట్టివాటిని వారమునకు మించి ఉంచరాదు.

(ఈ) బండివానిని అడుగుట. ప్రైవేటు మనిషిని పెట్టుకొనునప్పుడు నాలుగు సంగతులు విచారింపవలెను. చెత్తను ఎచ్చట దించుచున్నాడు? పంచాయతికి లేక మున్సిపాలిటీకి తెలిసియున్నదా? చేతితొడుగులు కలవా? పిల్లలచేత పని చేయించుచున్నాడా? తక్కువ రేటునకు ఒప్పుకొని, చీకటిపడిన తరువాత కట్టలేరు గట్టునో, చెరువుగట్టునో కుమ్మరించి పోయినయెడల, ఆ పాపములో మనకును పాలు కలదు. చెత్త మన గడప దాటవచ్చును గాని మన పూచీ గడప దాటదు.

6. కూలి విషయము

మాటవరసకు ఒక లెక్క చూతము. ఒక వాడలో 200 ఇండ్లు. ఇంటికి నెలకు 60 రూపాయలు. అందరును ఇచ్చినయెడల 12,000 రూపాయలు. అందులో బండి బాగుచేయించుకొనవలెను, నూనె పోసికొనవలెను, ఇల్లు గడుపుకొనవలెను. సగముమంది “రేపు రా” అన్నయెడల మిగులునది 6,000 రూపాయలే. ఆ నెల బండి ఆగును. అప్పుడు ఇచ్చినవాని చెత్తయు ఇయ్యనివాని చెత్తయు ఒక్కటిగా కాలువలో పడును. కూలివాని కూలి మరునాటివరకు నీయొద్ద నుండరాదని లేవీయకాండము చెప్పుచున్నది. మనకు 60 రూపాయలు ఒక్క పూట కూర. అతనికి రెండువందల యిండ్లనుండి రావలసిన బ్రదుకు.

కడపటి మాట. ఈ పని చేయువారు తరతరములుగా చిన్నచూపు చూడబడిరి. బెజవాడ విల్సన్ 1966లో కోలారు బంగారు గనుల పట్టణములో పాకీపని చేసిన తెలుగు కుటుంబమున పుట్టెను. ఆ పనిని దేశమునుండి తీసివేయవలెనని సఫాయి కర్మచారి ఆందోళన్ ద్వారా పోరాడి, 2016లో మెగసెసే బహుమానము పొందెను. మనుష్యులచేత మలము ఎత్తించుటను 1993, 2013 సంవత్సరముల చట్టములు నిషేధించినవి. మన సంఘములలో అనేకుల తాతలు ఊరి చివర నిలువబడి “దూరము, దూరము” అను మాట వినినవారే. అట్టి మాట మన నోటనుండి బండివానికి వినబడవచ్చునా? అతనికి మంచినీళ్లు ఇచ్చునప్పుడు మనము త్రాగు గ్లాసుతోనే ఇత్తుము గాక.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. పెంటగుమ్మమును ఒక అధిపతి బాగుచేయుటనుండి మన సంఘపెద్దలు ఏమి నేర్చుకొనవచ్చును?
2. మన వీధి చెత్త చివరకు ఎచ్చటికి పోవుచున్నది? మనలో ఎవరైనను వెళ్లి చూచితిరా?
3. చెత్తబండి తెచ్చు మనిషి పేరు మీకు తెలియునా?
4. క్రిస్మసు విందుల తరువాత, పెండ్లి భోజనముల తరువాత మన ఆలయ ఆవరణములో మిగులు విస్తళ్లు, కవరులు ఎవరు ఎత్తుచున్నారు? వారికి ఏమి ఇచ్చుచున్నాము?

ఈ మాసపు పని: ప్రతి కుటుంబము ఇంటిలో మూడు బుట్టలు ఏర్పరచుకొనవలెను. స్త్రీల సమాజమువారు ఒక జత చేతితొడుగులు కొని తమ వీధి పనివారికి ఇయ్యవలెను. బాకీయున్నవారు వచ్చు ఆదివారమునకు ముందుగా తీర్చివేయవలెను.