హెడ్‌లైట్‌లో ప్రొజెక్టర్: వెలుగు ఎక్కడ ఆగాలన్నదే అసలు లెక్క

డివైడర్ లేని రోడ్డు మీద రాత్రిపూట బండి నడిపేవారికి ఇది తెలిసిన ఇబ్బందే. ఎదుటి కారు వెలుగు కళ్లలో పడగానే రోడ్డు అంచు, ఆ అంచున నడిచే మనిషి, వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ ఒక్కసారిగా మాయమవుతాయి. అవి ఎక్కడికీ పోలేదు. మన కంటిలోకి వచ్చిన తీవ్రమైన కాంతిలో కొంత భాగం కార్నియా, కటకాల్లో చెదిరి రెటీనా అంతటా పలచని తెరలా పరుచుకుంటుంది. మసక వస్తువులు ఆ తెర వెనక్కి వెళ్లిపోతాయి. మనం చూస్తున్న దిశకూ ఆ వెలుగుకూ మధ్య కోణం సగమైతే తెర తీవ్రత దాదాపు నాలుగు రెట్లవుతుంది. వయసు పెరిగేకొద్దీ, శుక్లం మొదలైతే మరీ, ఈ చెదరడం ఎక్కువవుతుంది.

ఇంట్లోనే హెడ్‌లైట్ విప్పి, అందులో ప్రొజెక్టర్ బిగించి, చుట్టూ ఫైబర్‌గ్లాస్‌తో సొంతంగా చేసిన తొడుగు అమర్చుకునే సరదా మన దేశంలో కార్ల ప్రియుల మధ్య బాగా కనిపిస్తోంది. అది చూడ్డానికి అందంగా ఉంటుంది. సరిగ్గా చేస్తే రోడ్డూ బాగా కనిపిస్తుంది. అయితే ఈ పనిలో తప్పు జరిగితే దాని ఫలితాన్ని అనుభవించేది ఎక్కువగా ఎదుటివారు. అందుకే పానా పట్టుకునే ముందు హెడ్‌లైట్ లోపలి భౌతికశాస్త్రం కొంత తెలిసి ఉండాలి.

పరావలయం చేసే పని

మామూలు హెడ్‌లైట్‌లో ఉండేది పరావలయ దర్పణం. దాని నాభి వద్ద బల్బు పెడితే కాంతి సమాంతర కిరణాలుగా బయటికి వస్తుందని పదో తరగతిలోనే చదువుకున్నాం. హెచ్-4 హాలోజన్ బల్బు ఈ సూత్రాన్ని తెలివిగా వాడుకుంటుంది. అందులో రెండు ఫిలమెంట్లుంటాయి. హై బీమ్ ఫిలమెంట్ నాభి దగ్గర ఉంటుంది. లో బీమ్ ఫిలమెంట్ నాభికి కాస్త ముందు ఉంటుంది, దాని కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. ఆ దొప్ప వల్ల కాంతి దర్పణం పైసగానికే తగులుతుంది. నాభికి ముందు నుంచి బయల్దేరిన కాంతి కాబట్టి పైసగం దాన్ని కిందికి, అంటే రోడ్డు మీదికి వంచుతుంది. అంత చిన్న దొప్ప ఎదుటివారి కళ్లను కాపాడుతోందన్నమాట.

ఇప్పుడు అదే గూటిలో ఎల్‌ఈడీ బల్బు పెట్టారనుకోండి. ఫిలమెంట్ సన్నని స్తంభంలా అన్ని వైపులకూ వెలుగునిస్తుంది. ఎల్‌ఈడీ చిప్‌లు ఒక పలకకు రెండు వైపులా అతికించి ఉంటాయి, ఆ పలకకు కొంత మందం ఉంటుంది. కాంతి పుట్టే చోటు మారిపోతుంది. దర్పణం నాభ్యంతరం 25 మి.మీ. అనుకుంటే, బల్బు ఒక్క మి.మీ. పక్కకు జరిగితే కిరణం 1/25 రేడియన్, అంటే సుమారు 2.3 డిగ్రీలు తిరుగుతుంది. 50 మీటర్ల దూరంలో అది 2 మీటర్ల తేడా. రోడ్డు మీద పడాల్సిన కాంతి ఎదుటి డ్రైవర్ ముఖాన పడటానికి అది చాలు. బల్బు పెట్టె మీద రాసిన ల్యూమెన్లు ఎన్ని వేలైనా ఈ జ్యామితిని సరిచేయలేవు.

పాత లారీల హెడ్‌లైట్ల మధ్యలో నల్లరంగుతో పెట్టిన బొట్టు చాలామంది చూసే ఉంటారు. ఉద్దేశం మంచిదే. కానీ వెలుగు బయటికి వెళ్లే ద్వారం దగ్గర పెట్టిన అడ్డు ప్రధానంగా మొత్తం వెలుగును తగ్గిస్తుంది, ఫలానా గీతకు పైన చీకటి, కింద వెలుగు అని విడదీయలేదు. అలా విడదీయాలంటే అడ్డు వేరే చోట ఉండాలి. ప్రొజెక్టర్ గొప్పదనం అక్కడే ఉంది.

ప్రొజెక్టర్: సినిమా హాలు సూత్రమే

రెండు మేకులు కొట్టి, వాటి చుట్టూ వదులుగా దారం ముడివేసి, పెన్సిల్‌తో దాన్ని బిగలాగి తిప్పితే దీర్ఘవృత్తం వస్తుంది. ఆ రెండు మేకులే దాని నాభులు. ఒక నాభి నుంచి బయల్దేరిన కాంతి ఎటు వెళ్లి గోడకు తగిలినా రెండో నాభికే చేరుతుంది. ప్రొజెక్టర్ లోపలి దర్పణం దాదాపు ఈ ఆకారంలోనే ఉంటుంది. మొదటి నాభి వద్ద బల్బు, రెండో నాభి దగ్గర ఒక లోహపు అడ్డుపలక, దాని ముందు మందపాటి కుంభాకార కటకం. అడ్డుపలక సరిగ్గా కటకం నాభీయ తలంలో ఉంటుంది కాబట్టి, సినిమా హాల్లో ఫిలిం బొమ్మ తెర మీద పడినట్టు, ఆ పలక అంచు బొమ్మ రోడ్డు మీద పడుతుంది. కటకం బొమ్మను తలకిందులు చేస్తుంది. పలక కింది సగాన్ని అడ్డుకుంటే రోడ్డు మీద పైసగం చీకటవుతుంది. గోడ మీద కత్తితో కోసినట్టు కనిపించే ఆ సరిహద్దునే కటాఫ్ గీత అంటారు. గీత పొడవునా కనిపించే నీలి, ఊదా రంగు అలంకరణ కోసం పెట్టింది కాదు, కటకంలో తెల్లకాంతి రంగులుగా విడిపోవడం వల్ల వచ్చింది. హై బీమ్ మీట నొక్కితే చాలా ప్రొజెక్టర్లలో చిన్న సోలెనాయిడ్ ఆ పలకను కిందికి లాగేస్తుంది.

ఈ గీత నిటారుగా ఒకే ఎత్తులో ఉండదు. మనం రోడ్డుకు ఎడమవైపు నడుస్తాం కాబట్టి, మన ప్రొజెక్టర్లలో గీత ఎడమవైపు కాస్త పైకి లేస్తుంది. ఆ చివర నడిచేవారు, బోర్డులు కనిపించాలని. కుడివైపు ఎదుటి వాహనం వస్తుంది, అక్కడ గీత కిందికే ఉండాలి. అమెరికాలో, ఐరోపాలోని ఎక్కువ దేశాల్లో దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఆ దేశాల కార్ల నుంచి తీసిన పాత ప్రొజెక్టర్లు తుక్కు మార్కెట్ల ద్వారా ఇక్కడికి వస్తుంటాయి. వాటిని బిగిస్తే కాంతి పైకి లేచే భాగం సరిగ్గా ఎదుటి డ్రైవర్ వైపే ఉంటుంది. ప్రొజెక్టర్‌ను తలకిందులుగా బిగించినా ఇది సరికాదు, అప్పుడు చీకటి కిందికీ వెలుగు పైకీ పోతాయి. మనలాగే ఎడమవైపు నడిచే జపాన్, బ్రిటన్‌ల కోసం చేసినవి అయితే ఈ చిక్కు లేదు. కొనే ముందు ఒక బ్యాటరీ పట్టుకెళ్లి గోడ మీద వెలిగించి చూడటం అన్నిటికన్నా తేలిక.

గీత ఎంత పదునుగా ఉంటే అంత గొప్ప అనుకుని కొందరు కటకాన్ని మరింత స్పష్టమైన దానితో మారుస్తారు. తయారీదారులు కటకం మీద సన్నని గరుకుతనం పెట్టి గీతను కావాలనే కొంచెం మెత్తబరుస్తారు. మరీ పదునైన గీత గతుకుల రోడ్డు మీద పైకీ కిందికీ ఎగురుతుంటే ఎదుటివారికి మనం హై బీమ్ కొడుతున్నట్టే అనిపిస్తుంది. మన రోడ్లకు మెత్తని గీతే నయం.

బట్ట, రెజిన్, రెండు మి.మీ.

ఇక ఫైబర్‌గ్లాస్ సంగతి. మనవాళ్లు ‘ఫైబర్’ అని పిలిచేది ఇదే. కూడళ్లలో విగ్రహాలు, తీరంలో చేపల పడవలు దీనితోనే చేస్తారు. గాజు నార బలాన్నిస్తుంది, పాలియెస్టర్ రెజిన్ దాన్ని పట్టి ఉంచుతుంది. హెడ్‌లైట్‌లో దీని పని ప్రొజెక్టర్ చుట్టూ ఉండే ఖాళీని అందంగా కప్పే తొడుగు.

పద్ధతి సరళమైనదే. ప్రొజెక్టర్ కటకం చుట్టూ ఒక ఉంగరం, హెడ్‌లైట్ అంచు ఆకారంలో ఒక చట్రం చేస్తారు. రెండింటి మధ్య పాత టీషర్టు బట్టను బిగించి లాగి అతికిస్తారు. సబ్బు నీళ్లలో తీగల చట్రం ముంచి తీస్తే ఏర్పడే పొరలా ఆ బట్ట కూడా గుర్రపు జీను వంటి వంపు తిరుగుతుంది. ఆ వంపును చేత్తో చెక్కడం ఎంత కష్టమో చెక్కినవారికి తెలుసు, బట్ట దాన్ని ఉచితంగా ఇస్తుంది. దాని మీద రెజిన్ పూసి, గట్టిపడ్డాక వెనక వైపు గాజు నార చాపను రెజిన్‌తో తడిపి ఒకటి రెండు పొరలు వేస్తారు. తర్వాత పుట్టీ, ఉప్పు కాగితం, ప్రైమర్, రంగు.

రెజిన్ గట్టిపడటానికి కలిపే పెరాక్సైడ్ ఉత్ప్రేరకం బరువులో 1 నుంచి 2 శాతం చాలు. ఎండాకాలంలో తక్కువ వైపే ఉండాలి. ఈ చర్య వేడిని పుట్టిస్తుంది. పలచగా పూసిన రెజిన్ నుంచి ఆ వేడి గాలిలోకి పోతుంది. అదే రెజిన్ గ్లాసులో నిండుగా మిగిలిపోతే వేడి పోయే దారి లేక పొగలు కక్కుతుంది. కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను, పెరాక్సైడ్‌ను ఎప్పుడూ నేరుగా ఒకదానితో ఒకటి కలపకూడదు. నిప్పు అంటుకోవచ్చు, పేలవచ్చు. ఒకదాన్ని రెజిన్‌లో పూర్తిగా కలిపాకే రెండోది వేయాలి. స్టైరీన్ ఆవిరి పట్టే మాస్కు, చేతి తొడుగులు, కళ్లద్దాలు ఉండాలి. ఉప్పు కాగితం పట్టేటప్పుడు గాజు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకుండా చూసుకోవాలి. వంటగదిలో ఈ పని వద్దు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. తొడుగు ఫైబర్‌తో చేయండి, కానీ ప్రొజెక్టర్‌ను పట్టి నిలిపే ఆధారాన్ని మాత్రం ఇంటి ఫైబర్‌తో చేయకండి. పాలియెస్టర్ రెజిన్ గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో సుమారు 5 నుంచి 8 శాతం కుంచించుకుపోతుంది. గాజు నార దీన్ని కొంత ఆపుతుంది, కానీ ఒకవైపు ఎక్కువ పొరలు పడితే ముక్క మెలి తిరుగుతుంది. సాధారణ రెజిన్లలో చాలా రకాలు 70-80 డిగ్రీల సెల్సియస్ దగ్గర బిగువు కోల్పోతాయి. హాలోజన్ బల్బు వెలిగే హెడ్‌లైట్ లోపల ఆ వేడి సులభంగా వస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 10 సెం.మీ. వెడల్పున్న ఆధారంలో ఒక అంచు 1.75 మి.మీ. జరిగితే ప్రొజెక్టర్ ఒక డిగ్రీ తిరుగుతుంది. లో బీమ్ గీత మామూలుగా 1 శాతం కిందికి వాలి ఉంటుంది, అంటే 10 మీటర్లకు 10 సెం.మీ. హెడ్‌లైట్ ఎత్తు 65 సెం.మీ. అయితే గీత 65 మీటర్ల దూరంలో రోడ్డును తాకుతుంది. ఒక డిగ్రీ పైకి లేస్తే ఆ 1 శాతం వాలు పోయి 0.75 శాతం ఎగువకు మారుతుంది. 75 మీటర్ల దూరంలో గీత నేల నుంచి సుమారు 1.2 మీటర్ల ఎత్తులో ఉంటుంది. చిన్న కారు నడిపేవారి కళ్లు ఉండేది అక్కడే. అందుకే ఆధారం లోహంతో ఉండాలి, హెడ్‌లైట్‌లో కంపెనీ ఇచ్చిన సర్దుబాటు స్క్రూలకే బిగించాలి. ఎత్తు మార్చే మోటారు ఉంటే దాన్ని తీసేయకూడదు. డిక్కీ నిండా సామాను వేసినప్పుడు వెనక భాగం 5 సెం.మీ. కిందికి దిగిందనుకోండి. ఇరుసుల మధ్య దూరం 2.5 మీటర్లైతే ముందు వెలుగు 2 శాతం పైకి లేస్తుంది. డ్యాష్‌బోర్డు మీద 0, 1, 2, 3 అని ఉండే చిన్న చక్రం ఉన్నది దీనికే. దాన్ని తిప్పేవారిని నేను పెద్దగా చూడలేదు.

విప్పడం, మూయడం

ముందుభాగం పాలీకార్బనేట్, వెనక డొల్ల సాధారణంగా పాలీప్రొపిలీన్, రెండింటినీ కలిపేది చాలా కార్లలో బ్యూటైల్ రబ్బరు జిగురు. వంద డిగ్రీల దరిదాపుల్లో ఆ జిగురు మెత్తబడుతుంది. పాలీకార్బనేట్ సుమారు 147 డిగ్రీల దగ్గర, పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల దగ్గర రూపం కోల్పోతాయి. ఆ మధ్య సందులోనే పని జరగాలి. హీట్‌గన్‌ను ఒకే చోట నిలిపితే ఆ సందు దాటిపోతుంది. కొన్ని కార్లలో జిగురు వేడికి కరగని పాలీయురేథేన్ రకం, వాటిని విప్పే ప్రయత్నమే వద్దు. పాలీకార్బనేట్‌ను అసిటోన్‌తో తుడిస్తే సన్నని పగుళ్లు వస్తాయి. రెజిన్‌లోని స్టైరీన్ కూడా దానికి శత్రువే. తొడుగు పూర్తిగా ఆరకుండా లోపల పెట్టి మూసేస్తే, మిగిలిన స్టైరీన్ వేడికి ఆవిరై లోపలి గోడ మీద పొగమంచులా పేరుకుంటుంది. కొన్ని రోజులు ఎండలో ఉంచి, తర్వాత కొన్ని గంటలు 60-70 డిగ్రీల వేడిలో ఆరబెట్టాకే బిగించాలి.

ప్రొజెక్టర్ కటకం భూతద్దమే కదా. ఎండకు ఎదురుగా నిలిపిన కారులో సూర్యకాంతి వెనక్కి ప్రయాణించి కటకం వెనక ఒక చుక్కగా చేరుతుంది. అక్కడ ప్లాస్టిక్, ఫైబర్ ఏదున్నా కాలి మచ్చ పడుతుంది. తొడుగు కటకానికి ముందు అంచు దగ్గరే ఆగాలి.

మూసేటప్పుడు సిలికాన్‌తో గాలి రంధ్రాలను కూడా మూసేయడం చాలామంది చేసే పని. లోపలి గాలి 30 నుంచి 80 డిగ్రీలకు వేడెక్కితే దాని పరిమాణం సుమారు 16 శాతం పెరగాలి. దారి లేకపోతే ఆ ఒత్తిడి అతుకుల మీద పడుతుంది. చల్లబడినప్పుడు ఆ అతుకుల గుండానే తేమను లోపలికి పీలుస్తుంది. వానాకాలంలో హెడ్‌లైట్ లోపల నీటి బిందువులు కనిపించడానికి చాలాసార్లు ఇదే కారణం.

ఇంత పనికి దిగే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. హెడ్‌లైట్ వెలుగుతుండగా మల్టీమీటర్‌తో బల్బు వద్ద వోల్టేజి, బ్యాటరీ వద్ద వోల్టేజి కొలవండి. హాలోజన్ వెలుగు వోల్టేజికి సుమారు 3.4 ఘాతంలో మారుతుంది. వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు 30 శాతం పోతుంది. తుప్పు పట్టిన కనెక్టర్, సన్నని తీగ వల్ల ఇది మామూలుగా జరిగేదే. రిలేతో కూడిన మంచి వైరింగ్ వేస్తే కొందరికి ప్రొజెక్టర్ అవసరమే ఉండకపోవచ్చు. జినాన్ బల్బుల జోలికి వెళ్లేవారు గుర్తుంచుకోవాల్సింది, వాటిని వెలిగించే క్షణంలో 20 వేల వోల్టుల స్థాయి విద్యుత్తు ఉంటుంది.

చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశాలకు భిన్నమైన మార్పులను అనుమతించదు. 2019లో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టం చేసింది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం దీపం ముందు 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటిని లో బీమ్ మిరుమిట్లు గొలపకూడదు. ఇంట్లో మార్చిన హెడ్‌లైట్ తనిఖీలో నిలబడుతుందన్న హామీ లేదు. ప్రదర్శన కారుకో, ప్రైవేటు స్థలంలో తిప్పే బండికో చేసుకుంటే అది వేరు.

చివరి సర్దుబాటుకు సమతల నేల, గోడ, చాక్‌పీసు, టేపు కావాలి. టైర్లలో గాలి సరిగా ఉండాలి, డ్రైవర్ సీట్లో ఒకరు కూర్చోవాలి, ఎత్తు చక్రం 0 మీద ఉండాలి. హెడ్‌లైట్లు గోడకు సరిగ్గా 10 మీటర్ల దూరంలో ఉండేలా కారు నిలపండి. ప్రతి కటకం మధ్యబిందువు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి గోడ మీద గుర్తు పెట్టండి. ఆ గుర్తుకు 10 సెం.మీ. కింద అడ్డంగా గీత గీయండి. కటాఫ్‌లో కుడివైపు చదునైన భాగం ఆ గీత మీద పడాలి, ఎడమకు లేచే మలుపు కటకం మధ్యబిందువుకు సూటిగా ఎదురుగా ఉండాలి. రెండు దీపాలనూ విడివిడిగా, ఒకదాన్ని బట్టతో కప్పి చూడండి. వారం రోజులు గతుకుల్లో తిప్పాక మళ్లీ అదే గోడ ముందుకు తీసుకురండి.