రక్తంలో పురుగు లేకుంటే బోదకాలు తగ్గినట్టేనా?

ప్రశ్న: అమ్మ కాలి వాపు పెరుగుతోంది. రాత్రి తీసిన రక్తంలో పురుగుల్లేవన్నారు. జబ్బు తగ్గినట్టేనా? – ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: కాదమ్మా. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏళ్లుగా ఉన్న ఈ జబ్బులో పెద్ద పురుగులు లింఫు నాళాల్లోనే ఉండిపోతాయి. వాటి పిల్లలే, క్యూలెక్స్ దోమ కుట్టే రాత్రివేళ, రక్తంలోకి వస్తాయి. వేలి నుంచి తీసిన చుక్కను గాజుపలకపై పరిచి లెక్కించేది వాటినే. ఆ లెక్క జబ్బు ఇతరులకు పాకే అవకాశాన్ని చెబుతుంది, కాలు ఎంత చెడిందో చెప్పదు. రక్తం నిండా పిల్లపురుగులున్నా వాపే లేనివారున్నారు; కాలి వాపు బాగా ముదిరినవారిలో చాలామందికి ఒక్కటీ దొరకదు. మరి పరీక్ష దండగా? కానే కాదు, ఊరంతటికీ డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు పంచాలో లేదో తేల్చేది అదే. అమ్మ విషయంలో కొలవాల్సింది వాపు, చర్మపు మడతలు, జ్వరంతో కాలు ఎన్నిసార్లు ఎర్రబడుతోందన్నది. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తడిలేకుండా తుడవండి. జ్వరమొస్తే ఆలస్యం చేయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి.