వేరు తరగతులా? ఉమ్మడి తరగతులా?

కర్ణాటకలో సాధారణంగా ఎనిమిదవ తరగతితో ఉన్నత పాఠశాల చదువు మొదలవుతుంది. ముదగల్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అప్పుడే ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఆడపిల్లను బాలికల పాఠశాలకు పంపవలెనా, మగపిల్లలతో కలిసి చదివే బడికి పంపవలెనా? 2011 జనాభా లెక్కల ప్రకారం రాయచూరు జిల్లాలో పురుషుల అక్షరాస్యత 70 శాతం దాటగా, స్త్రీల అక్షరాస్యత 49 శాతానికి కూడా చేరలేదు. ఇటువంటి చోట ఈ ప్రశ్న ఎంతో ముఖ్యమైనది.

బాలికల బడి తెలుగువారికి కొత్త కాదు. స్త్రీవిద్యకు ఎదురుగాలి వీచిన రోజుల్లో, 1874లో, కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల స్థాపించారు. 2004లో కేంద్ర ప్రభుత్వం విద్యలో వెనుకబడిన ప్రాంతాల కోసం కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలను ప్రారంభించింది. వాటిలో చదువుతోపాటు వసతి కూడా ఉచితం. కనీసం 75 శాతం సీట్లు దళిత, గిరిజన, వెనుకబడిన, మైనారిటీ వర్గాల బాలికలకే కేటాయించారు. పనుల కోసం ఊళ్లు మారే కుటుంబాలకు ఇటువంటి వసతి పెద్ద ఆసరా.

వేరు తరగతుల వలన కొన్ని మేళ్లు ఉన్నాయి. మగపిల్లలతో కలిసి చదివించడానికి జంకే తల్లిదండ్రులు బాలికను బడి మాన్పించకుండా ఉంటారు. సిగ్గరి పిల్లలు సందేహాలు అడగడానికి వెనుకాడరు. తరగతి నాయకత్వం, ఆటలు, ప్రయోగాలు అన్నీ బాలికల చేతికే వస్తాయి.

నష్టాలూ లేకపోలేదు. రేపు కళాశాలలో, ఉద్యోగంలో స్త్రీపురుషులు కలిసి పనిచేయవలసిందే. ఆ మర్యాద, ఆ చనువు చిన్ననాడే అలవడటం మేలు. ఆడపిల్లలను సాటి విద్యార్థులుగా చూడటం మగపిల్లలూ నేర్చుకోవలెను. కేరళ బాలల హక్కుల కమిషన్ 2022లో అన్ని పాఠశాలలనూ ఉమ్మడి బడులుగా మార్చాలని ఆదేశించడానికి ఇటువంటి ఆలోచనే ఆధారం.

మరి మార్కుల మాట? విద్యార్థులను చీటీ పద్ధతిలో బడులకు కేటాయించే దక్షిణ కొరియాలోని సియోల్ నగరంలో, వేరు బడుల పిల్లలు మెరుగైన ఫలితాలు సాధించినట్లు 2013లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. 21 దేశాలకు చెందిన 184 అధ్యయనాలను పరిశీలించిన 2014 నాటి మరొక పరిశోధనలో మాత్రం చెప్పుకోదగిన తేడా కనబడలేదు. కాబట్టి వేరు తరగతి అయినంత మాత్రాన చదువు బాగుపడుతుందని గాని, చెడిపోతుందని గాని చెప్పలేము.

అందుచేత బడి పేరుకన్నా ముందు పరిశీలించవలసినవి వేరే ఉన్నాయి. గణితం, విజ్ఞానశాస్త్రం బోధించే ఉపాధ్యాయులు ఉన్నారా? బాలికల మరుగుదొడ్డి శుభ్రంగా, నీటితో ఉందా? దారి క్షేమమేనా? పదవ తరగతి వరకు అక్కడే చదవవచ్చునా? ఈ నాలుగూ ఉన్న ఉమ్మడి బడి, ఇవి లేని బాలికల బడికన్నా మేలు. దగ్గరలోని ఉమ్మడి బడికి పంపడం ఇష్టం లేక చదువు మాన్పించడం మాత్రం అన్నిటికన్నా పెద్ద నష్టం.

ఊరు మారి వచ్చినవారు ఒక విషయం గుర్తుంచుకోవలెను. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుండి 14 ఏళ్ల పిల్లలకు ఎనిమిదవ తరగతి వరకు చదువు ఉచితం. పాత బడి నుండి బదిలీ పత్రం రావడం ఆలస్యమైనంత మాత్రాన కొత్త బడిలో ప్రవేశం నిరాకరించరాదు.